పదమూడో గడి

మంగళవారం సాయంత్రం, లైబ్రరీ మేడమీద,
నా క్లాసుకి ఏడుగురు వస్తారు.
ఆరుగురు కుర్రాళ్లు. ఏడో ఆవిడ గెనొవేఫా గారు,
డెబ్బై ఎనిమిదేళ్లు. తడిసిన గొడుగు కుర్చీకి తగిలించి
హెడ్‌ఫోన్లు చెవులకి కాదు, దవడకి ఆనించుకుంటారు.

"మీరు వాయించండి, అదే రాసుకుంటుంది" అన్నాను మొదటిరోజు.
ఎర్ర బటన్ నొక్కాను. నాలుగు టిక్కులు. పరుగు.
ఆవిడ వేలు ఎత్తేలోపు గీత తెర దాటిపోయింది.
మూడుసార్లు అంతే. నాలుగోసారి నా వంక చూసి
"ఇదేంటయ్యా, మా సూపర్‌వైజర్ లాగుంది, ఒక్కచోట నిలవదా?" అన్నారు.

నిలుస్తుంది.
మెనూ అడుగున ఒక పద్ధతుంది, కుర్రాళ్లు నామోషీ పడేది:
స్టెప్ ఇన్‌పుట్.
ఒక స్వరం నొక్కితే ఒక గడి జరుగుతుంది.
నొక్కకపోతే లేదు.
టీ తాగి రండి, పెళ్లి చేసుకుని రండి,
గీత అక్కడే ఉంటుంది, రాటకి కట్టిన మేకలా.

"అట్టలు!" అన్నారావిడ. "ఇవి మా అట్టలే కదా!"

ముప్పై ఒక్క ఏళ్లు ఆవిడ పని అదే:
గళ్ల కాగితం మీద పువ్వుని చూసి
అట్టముక్కలకి చిల్లులు పొడవడం.
చిల్లున్న చోట పడుగు దారం లేస్తుంది,
లేనిచోట పడుకుంటుంది.
ఒక్క చిల్లు తప్పిందా, మీటరు మీటరుకీ
గులాబీకి ఒక రేక తక్కువ,
జీతంలో కొన్ని జ్లోటీలు తక్కువ.

ఇక నేనెవణ్ణి నేర్పడానికి?
చూపుడు వేలు స్వరానికి, బొటనవేలు ఖాళీకి.
స్వరం, స్వరం, ఖాళీ, స్వరం.
సాగదీయాలంటే పక్క గడితో ముడి.
పై స్వరాలు ఆవిడకి వినపడవు.
అట్టల గదికీ మగ్గాల హాలుకీ మధ్య తలుపుండేది కాదట.
"సన్నవి మీరు ఉంచుకోండి,
నాకు నేల అదిరేవి చాలు."

అక్టోబరంతా ఒకటే పని. పదహారు గళ్లు, మళ్లీ పదహారు,
ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి
దబదబ కొట్టుకుపోయే నాడె.
మా ఊరు వూచ్. పేరుకి అర్థం పడవ,
నది మాత్రం నేల కింద గొట్టాల్లో పోతుంది.
నాడెని కూడా మా భాషలో చిన్న పడవ అనే అంటాం.
ఈ ఊళ్లో నేను చూసిన పడవలు అవే,
అవీ మ్యూజియంలో.

ప్రతి వరసలోనూ పదమూడో గడి ఖాళీ.
పొరపాటనుకున్నాను.
గొడుగు జారిపడి ఆవిడ వంగినప్పుడు
ఒక మంద్రస్వరం పెట్టేశాను అక్కడ.
చిరుగు కనపడితే రఫ్ఫు చెయ్యకుండా ఉండలేని చెయ్యి నాది.
వినిపించాను. కుర్రాళ్లు తలలూపారు, నిజంగానే బాగుంది.
ఆవిడ హెడ్‌ఫోన్లు దవడ మీంచి తీశారు.

"నలభయ్యో మగ్గం ఓత్యెలియాది.
పాత పడుగు, తెగుతూనే ఉండేది.
తెగితే ఆపేది. అది ముడేసేదాకా
మా వైపు మోత కొంచెం పలచబడేది.
ఆ కొంచెంలో ఒక్క మాట పట్టేది.
పిల్లకి జ్వరం తగ్గిందా.
నారింజలొచ్చాయట, క్యూ కట్టాలి.
వాడు మళ్లీ తాగొచ్చాడే.
మా కబుర్లన్నీ అక్కడే, ముక్కముక్కలుగా.
నువ్వు దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టావు బాబూ."

తీసేశాను.
గీత ఒక గడి వెనక్కి జరిగి నిలబడింది.
ఎనిమిదికి మూస్తారు, కింద సగం దీపాలు ఆర్పేశారు.
ఆవిడ బొటనవేలు ఖాళీ మీట మీద ఆనింది, ఇంకా నొక్కలేదు.
ట్రామ్ వచ్చింది, పోయింది.
బొజిదార్ కోటు జిప్పు సగంలో ఆపి
గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు,
ఎవరో తననేదో అడగబోతున్నట్టు.